నాయిన జవాబు

మంత్రిగారి కూతురు యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చి పొద్దెక్కేదాకా పడుకుంటుంది, లేచాక తండ్రితో వాదం పెట్టుకుంటుంది. తండ్రికి కూతురి కంటే రాజకీయమే ఎక్కువని ఆమెకు ఎప్పటినుంచో కోపం. ఇంతలో ఆయన ఒక కాగితం మీద సంతకం చేస్తాడు. ఆ సంతకంతో ఒక చిన్న అడవికి ఉన్న ప్రత్యేక రక్షణ పోతుంది. అందులో బ్యాడ్జర్లుంటాయి, అంటే బొరియలు తవ్వుకుని రాత్రిళ్లు తిరిగే జంతువులు. కూతురు ఊరుకోదు. ఆ అడవిలోనే తన స్నేహితుడితో కలిసి నిరసనకు దిగుతానంటుంది. అది కూడా ఒంటిమీద బట్టల్లేకుండా, ఒక పగలూ ఒక రాత్రీ. పత్రికలవాళ్లు రాకుండా ఉంటారా? మంత్రికి కాళ్లూ చేతులూ ఆడవు.

ఇది బీబీసీ వాళ్ల హాస్య ధారావాహిక ‘ఎస్ మినిస్టర్’లో 1980 మార్చి 31న వచ్చిన భాగం. మంత్రి పేరు జిమ్ హ్యాకర్, కూతురు లూసీ. అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కు ఈ ధారావాహిక అంటే ప్రాణం. మన దగ్గర 2001లో స్టార్ ప్లస్‌లో ‘జీ మంత్రీజీ’ పేరుతో ఫారూఖ్ షేక్ మంత్రిగా హిందీలో వచ్చింది. అధికారులు మంత్రులను ఎలా ఆడిస్తారో చూపించే కథగా అందరూ దాన్ని గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం ఈ ఒక్క భాగం, అందులో ఆ అమ్మాయి ఎక్కువగా గుర్తుండిపోయింది.

ఎందుకంటే ఆ నిరసనను ఆపింది తండ్రి కాదు. ఆయన దగ్గర పనిచేసే పెద్ద అధికారి సర్ హంఫ్రీ ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఫైలు చూపిస్తాడు. ఆ అడవిలో అసలు బ్యాడ్జర్లే లేవని నమ్మిస్తాడు. ఆమె నమ్మి వెనక్కి తగ్గుతుంది. తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ భాగం మొదట్లో తన శాఖలో ఏం జరుగుతోందో అంతా తెలుసుకునే హక్కు తనకుందని పట్టుబట్టిన మనిషే చివరికి, అధికారి తన కూతురికి చెప్పింది నిజమో అబద్ధమో తెలియకపోతేనే మేలనుకునే స్థితికి వస్తాడు. ప్రేక్షకులు నవ్వుతారు. కథ అల్లికను నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ అమ్మాయి అడిగింది తండ్రిని. సంతకం తండ్రిది. జవాబు మాత్రం ఇంకొకరు చెప్పారు. నవ్వు ఆగాక మనసులో మిగిలేది ఈ ముక్కే.

మన తెలంగాణలో ఈ కథ నవ్వులాటగా రాలేదు. 2025 ఏప్రిల్ 27న వరంగల్ దగ్గర ఎల్కతుర్తిలో బీఆర్ఎస్ రజతోత్సవ సభ జరిగింది. పార్టీ అధినేత కేసీఆర్ మాట్లాడారు. కొన్ని రోజులకు కూతురు కవిత ఆయనకు తన చేత్తో ఆరు పేజీల ఉత్తరం రాశారు. డాడీ అని పిలుస్తూ రాసిన ఉత్తరం. పహల్గామ్ ఉగ్రదాడి మృతులకు మౌనం పాటించడం బాగుందన్నారు. మావోయిస్టుల మీద సాగిన ఆపరేషన్ కగార్ గురించి మాట్లాడటం బాగుందన్నారు. ఆ తర్వాత బాగాలేనివి చెప్పారు. బీజేపీ మీద రెండు నిమిషాలే మాట్లాడారనీ, దాంతో ఆ పార్టీతో పొత్తు ఉంటుందేమోనన్న అనుమానం జనంలో మొదలైందనీ రాశారు. ఉర్దూలో మాట్లాడలేదు, వక్ఫ్ బిల్లు ఊసెత్తలేదు, బీసీల 42 శాతం రిజర్వేషన్ల మాట రాలేదు, ఎస్సీ వర్గీకరణ మాట రాలేదు, ఇలా ఒక్కొక్కటీ.

ఆ ఉత్తరం చదివితే నాకు అందులో తిరుగుబాటు కనపడలేదు. సభ అయ్యాక ఇంటికొచ్చిన నాయిన పక్కన కూర్చుని, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పే పిల్ల కనపడింది. ఆమె నిజామాబాద్ నుంచి 2014లో ఎంపీగా గెలిచారు, 2019లో ఓడారు, 2020లో ఎమ్మెల్సీ అయ్యారు. తెలంగాణ జాగృతి పేరుతో బతుకమ్మను వీధివీధికీ తీసుకెళ్లారు. ఢిల్లీ మద్యం కేసులో 2024 మార్చి 15న అరెస్టయి, ఆగస్టు 27న సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా తీహార్ జైల్లో ఉన్నారు. ఆ ఆరోపణలు ఆమె మొదటినుంచీ తోసిపుచ్చుతూనే వచ్చారు. ఇన్ని చూసిన మనిషి, నలభై ఏళ్లు దాటిన మనిషి, తండ్రికి ఫోన్ చేసి చెప్పకుండా కలం పట్టుకుని ఆరు పేజీలు రాసిందంటే, ఆ మాటలు తండ్రి తీరిగ్గా చదవాలని ఆమె కోరుకుందనే నా మనసుకు తోచింది.

ఆమె కొడుకు గ్రాడ్యుయేషన్ కోసం అమెరికాలో ఉండగా, మే 22న ఆ ఉత్తరం బయటికొచ్చింది. మర్నాడు శంషాబాద్‌లో విమానం దిగి, అది నేను రాసిందేనని ఆమె ఒప్పుకున్నారు. ఇంట్లో ఉండాల్సిన కాగితం బయటికెలా వచ్చిందని అడిగారు. కేసీఆర్ దేవుడు, ఆయన చుట్టూ దయ్యాలున్నాయి అన్నారు. ఆ రోజుల్లో తండ్రి నుంచి బహిరంగంగా ఒక్క మాట రాలేదు. వేసవి పోయింది, వానలు పడ్డాయి. సెప్టెంబర్ 1న కాళేశ్వరం ప్రాజెక్టు విషయంలో ఆమె పార్టీ నాయకులు హరీశ్‌రావు, సంతోష్‌కుమార్‌ల పేర్లెత్తి విమర్శించారు. మర్నాడే పార్టీ వ్యతిరేక కార్యకలాపాల పేరుతో సస్పెన్షన్ ప్రకటన వచ్చింది. అధినేత నిర్ణయమని అందులో ఉంది, కింద సంతకాలు వేరే నాయకులవి.

ఏ పార్టీకైనా క్రమశిక్షణ ఉండాలి. సొంత పార్టీ నాయకుల మీద బహిరంగంగా ఆరోపణలు చేస్తే ఏ పార్టీ అయినా చర్య తీసుకుంటుంది, కూతురని మినహాయిస్తే అది ఇంకో తప్పవుతుంది. ఆ సస్పెన్షన్ మీద నాకు తగాదా లేదు. నా బాధంతా ఏప్రిల్‌కీ సెప్టెంబర్‌కీ మధ్య ఉన్న ఆ నెలల గురించే. ఉత్తరానికి ఉత్తరం రాయొచ్చు. నువ్వన్నది తప్పు బిడ్డా, బీజేపీ గురించి రెండు నిమిషాలే ఎందుకు మాట్లాడానో విను, అని చెప్పొచ్చు. మూడు గంటలైనా జనాన్ని కూర్చోబెట్టగల నోరు కేసీఆర్‌ది. తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో ఎదుటివాణ్ణి నోరెత్తనీయని వాక్చాతుర్యం. ఆ నోటి నుంచి ఒక్క జవాబు వచ్చి ఉంటే ఎలా ఉండేదో.

మా నేరేడుచర్లలో సస్పెన్షన్ వచ్చిన వారమంతా ఇదే ముచ్చట. మిర్యాలగూడ రోడ్డు మీద చాయ్ హోటల్లో టీవీ కింద కూర్చున్నవాళ్లు రెండు జట్లయ్యారు. “పార్టీలకెల్లి తీసిండు గాని ఇంట్లకెల్లి తీసిండా ఏంది” అని ఒకాయన. “ఇంట్ల మాట్లాడితె ఆ పిల్ల బజారుకెందుకొస్తది” అని ఇంకొకాయన. ఒక పెద్దాయన మాత్రం గ్లాసు కింద పెట్టి, “వాళ్లింటి పంచాయితీ వాళ్లది, మనకెందుకు” అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు ఒప్పుదల లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు మా వీధి సంగతి. మా పక్క వీధిలో ఒకాయన మండల స్థాయి నాయకుడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. పొద్దున ఆరింటికే ఆయన అరుగు మీద నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. ఒకరికి పింఛను, ఇంకొకరికి పాస్‌బుక్కులో తప్పు పడ్డ గుంటలు, మరొకరికి స్టేషన్లో ఇరుక్కున్న కొడుకు. ఆయన ఒక్కొక్కరి కాగితం చదివి, ఫోన్ చేసి, భుజం తట్టి పంపుతాడు. మనిషి మంచివాడే. సూర్యాపేటలో టీచరుగా చేస్తున్న పెద్ద బిడ్డ ఒకసారి బతుకమ్మ పండుగకు వచ్చింది. అరుగు మీద అందరూ ఉండగానే అడిగింది: “నాయినా, కాల్వ మీద మనోళ్లు మోటర్లు పెట్టి నీళ్లు గుంజుతుంటె కింద చివరి పొలాలు ఎండుతున్నయంట గదా. నువ్వు జెప్పవా?”

సాగర్ ఎడమ కాల్వ కింద పొలమున్నవాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలుసు. పైవాడి పొలంలో నీళ్లు నిలబడి ఉంటాయి, చివరివాడి నారు పసుపెక్కి ఉంటుంది. నాట్లప్పుడు నీళ్లు వదిలే లష్కర్ల చుట్టూ తిరిగినవాళ్లకు, తూము దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకున్నవాళ్లకు, ఆ పిల్ల అడిగింది చిన్న సంగతి కాదని తెలుసు. అరుగు మీద కూర్చున్నవాళ్లలో చివరి పొలంవాళ్లూ ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. తండ్రి కూతురి వైపు చూడలేదు. పక్కనున్న అనుచరుడితో, “అమ్మాయికి జర సమజయ్యేటట్టు చెప్పు” అని ఫోన్ తీశాడు. అనుచరుడు గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల వాణ్ణి ఆపింది. “మామా, నువ్వు కూసో, చాయ్ తాగు. నాయిన మాట నాయినే చెప్పనియ్యి.”

జవాబు ఆ రోజు రాలేదు. నాయకులైన తండ్రులకు కూతుళ్ల ముందు నోరెందుకు పెగలదన్నది మాత్రం నాకు ఆ అరుగు దగ్గరే కొంత అర్థమైంది. పొద్దున వచ్చేవాళ్లంతా ఏదో పని కోసం వస్తారు. పనయ్యేదాకా ఆయన మాటకు ఎదురు చెప్పరు. సభలో ఏం మాట్లాడాలో ఆయనే తేల్చుకుంటాడు, విలేఖరి అడిగినదాన్ని పక్కకు తిప్పగలడు. ఇంట్లో కూతురు అడిగేదాన్ని తిప్పే వీలు లేదు. ఆయన సభలో చెప్పినదీ, అన్నం తింటూ చెప్పినదీ రెండూ విన్న మనిషి ఆమె. రెంటికీ తేడా వస్తే ముందు పట్టుకునేది ఆమే. పైగా ఆయన దగ్గర ఆమెకు కావాల్సిన కాగితం ఏదీ లేదు.

అందుకే తండ్రులు దొరికిన అడ్డు పెట్టుకుంటారు. మామూలుగా దొరికే అడ్డు, ‘దానికి ఎవరో ఎక్కించి పంపిస్తున్నారు’ అనడం. ఈ మాట మన ఇళ్లలో కూతురు ఎదురు చెప్పిన ప్రతిసారీ వింటాం. కొడుకు ఎదురు తిరిగితే వాడికి పొగరంటాం, కూతురు ఎదురు తిరిగితే వెనక ఎవరున్నారని వెతుకుతాం. 2024 మేలో, పిఠాపురం ఎన్నికల వేళ, ఆంధ్రప్రదేశ్ నాయకుడు ముద్రగడ పద్మనాభం కూతురు క్రాంతి తండ్రి తీరును తప్పుపడుతూ వీడియో పెట్టారు. అక్కడ పోటీ చేస్తున్న పవన్ కల్యాణ్‌ను ఓడించకపోతే పేరు మార్చుకుంటానని తండ్రి చేసిన సవాలు ఆమెకు నచ్చలేదు. ముద్రగడ తన కూతురికి పెళ్లయిపోయిందనీ, ఇక ఆమె తన ఆస్తి కాదనీ, మెట్టినింటిదనీ అన్నారు. తండ్రీ కూతుళ్ల మధ్య చిచ్చు పెడుతున్నారని కూడా అన్నారు. ఆయన తన మాట నిలబెట్టుకుని ఎన్నికల తర్వాత పద్మనాభరెడ్డిగా పేరు మార్చుకున్నారు. జనానికిచ్చిన మాట మీద అంత పట్టుదల ఉన్న మనిషి, కూతురు లేవనెత్తిన సంగతికి ‘ఆస్తి కాదు’ అని బదులివ్వడం నన్ను చాలా బాధపెట్టింది. ఆమె అడిగింది ఆయన సవాలు మంచిదా కాదా అని. తాను ఎవరి సొత్తు అని అడగలేదు.

 

మా జిల్లా గురించి కూడా చెప్పాలి. ఎదురు తిరిగిన ఆడబిడ్డ అంటే సూర్యాపేట జిల్లాకు సిగ్గు కాదు, గర్వం. కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్నపిల్లగా ఉన్నప్పుడే సొంత గడీలోని వడ్లు కూలీలకు కొలిచి పెట్టింది. తల్లి చొక్కమ్మ అడ్డుపడలేదు. తర్వాత ఆ పిల్ల తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టింది. నిజాం సర్కారు ఆమె తలకు పది వేల వెల కట్టింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది. 2022 మార్చి 19న ఆమె కన్నుమూస్తే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. సభల్లో ఆమె పేరెత్తి మా నాయకులు గొంతు పెంచుతారు. అదే నాయకులు ఇంట్లో కూతురు గొంతు పెంచితే తలుపేస్తారు.

మిర్యాలగూడ మాకు బస్సెక్కితే ఎంతో దూరం లేదు. 2018 సెప్టెంబర్ 14న అక్కడ ఆసుపత్రి ముందు, గర్భంతో ఉన్న భార్య కళ్ల ముందు ఒక యువకుణ్ణి నరికి చంపారు. కులం కాని అబ్బాయిని పెళ్లి చేసుకుందని, సుపారీ ఇచ్చి ఆ హత్య చేయించాడని పోలీసులు ఆ అమ్మాయి తండ్రినే మొదటి నిందితుడిగా చూపారు. 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. దీన్ని రాజకీయ ఇళ్ల తగాదాలతో కలిపి చూడటం నా ఉద్దేశం కాదు, రెంటికీ మధ్య ఉన్న దూరం నాకు తెలుసు. అయినా మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, కూతురికి చెప్పాల్సిన మాట తండ్రి నోటితో చెప్పకుండా ఇంకొకరి చేతుల్లో పెడితే అది ఎంతదాకా పోగలదో ఆ ఆసుపత్రి ముందు నుంచి బస్సు వెళ్లినప్పుడల్లా తలుచుకోకుండా ఉండలేను.

తండ్రి తానే జవాబు చెప్పిన ఉదంతం ఒకటి నాకు దూరదేశంలో దొరికింది. అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ కూతురు ప్యాటీ. తండ్రి ఇంటిపేరు వదిలి తల్లి పుట్టింటి పేరు డేవిస్ పెట్టుకుంది. తండ్రి అణ్వాయుధాల మీద డబ్బు కుమ్మరిస్తుంటే ఆమె అణ్వాయుధాలు వద్దనే సభల్లో వేదికెక్కేది. ఆ ఉద్యమంలో ముందుండిన ఆస్ట్రేలియా డాక్టర్ హెలెన్ కాల్డికాట్‌ను ఒక్కసారి కలవమని ఆమె తండ్రిని అడిగింది. 1982 డిసెంబర్‌లో రీగన్ ఆ డాక్టర్‌ను వైట్‌హౌస్‌కు పిలిచి, కూతురు పక్కనుండగా, గంటకు పైగా కూర్చున్నాడు. సహాయకుడికి అప్పగించలేదు. ఎవరి అభిప్రాయమూ మారలేదు. డాక్టర్ నిరాశగా వెళ్లింది. తండ్రీ కూతుళ్ల మధ్య పొరపొచ్చాలు ఆ తర్వాత ఇంకా పెరిగాయి. 1986లో ప్యాటీ ఒక రాజకీయ కుటుంబం కథను నవలగా రాస్తే ఇల్లు భగ్గుమంది. 1994లో తనకు అల్జీమర్స్ వచ్చిందని రీగన్ దేశానికి చెప్పాక ఆమె మళ్లీ దగ్గరైంది, 2004 జూన్‌లో ఆయన పోయేదాకా వస్తూ పోతూ ఉంది. ఆ గంట సమావేశం వల్లే వాళ్లు కలిశారని నేననను. కానీ నా మాట వినలేదనో, ఇంకెవరితోనో చెప్పించాడనో ఆ ఒక్క విషయంలో అనే అవసరం ఆమెకు రాలేదు.

మళ్లీ మన దగ్గరికి వస్తే, సస్పెన్షన్ మర్నాడు, సెప్టెంబర్ 3న, కవిత ఎమ్మెల్సీ పదవికీ పార్టీకీ రాజీనామా చేశారు. ఆ నెల 21న ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు ఆమె తండ్రి పుట్టిన ఊరు చింతమడక వెళ్లి అక్కడి ఆడవాళ్లతో బతుకమ్మ ఆడారు. అది చూసి మా ఇంట్లో అందరం కాసేపు టీవీ ముందే నిలబడిపోయాం. తెలంగాణలో బతుకమ్మ అంటే ఆడబిడ్డ పుట్టింటికొచ్చే పండుగ. తంగేడు, గునుగు, కట్ల పూలు తెచ్చిచ్చేది అన్నదమ్ములూ నాయినా. ఆమెది రాజకీయమే కావచ్చు, కాదనను. రాజకీయంలో ఉన్నవాళ్లు చేసే ప్రతి పనిలో కొంత రాజకీయం ఉంటుంది. అయినా పుట్టింటి పార్టీ తలుపేసిన దాదాపు మూడు వారాలకు ఆమె వెతుక్కున్న చోటు తండ్రి పుట్టిన ఊరు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఆమెను తమ ఆడబిడ్డగానే చూసుకున్నారు.

ఇంకొకటి గమనించాను. 2001 ఏప్రిల్‌లో కేసీఆర్ ఏం చేశారు? తాను చెప్పేది పార్టీలో వినేవాళ్లు లేరని తెలుగుదేశానికీ, డిప్యూటీ స్పీకర్ పదవికీ, ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేసి జనంలోకి వచ్చారు. ఆ నెల 27నే పార్టీ పుట్టినరోజుగా ఎల్కతుర్తిలో సభ పెట్టారు. ఆ సభ గురించే కూతురు ఉత్తరం రాసింది. పార్టీలో చెప్పేది చెల్లనప్పుడు పదవి వదిలేసి జనంలోకి వెళ్లడం ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది? అక్టోబర్ 25న నిజామాబాద్ నుంచి ‘జనం బాట’ మొదలుపెట్టింది. ఎవరో ఎక్కించారని వెతకాల్సిన పని లేదు, ఎక్కించినవాడు ఇంట్లోనే ఉన్నాడు. తండ్రిగా ఆయనకు ఇది కోపం తెప్పించొచ్చు. గర్వపడాల్సిన సంగతి కూడా అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చాయ్ హోటల్ పెద్దాయన మాట. వాళ్లింటి పంచాయితీ మనకెందుకన్నాడు. ఆ ఆరు పేజీల్లో ఆస్తి గొడవ లేదు, నగల లెక్క లేదు. బీజేపీతో పొత్తు ఉంటుందా ఉండదా, బీసీలకు 42 శాతం మీద పార్టీ ఏమంటుంది, వక్ఫ్ బిల్లు మీద ఏమంటుంది అనే ఉంది. ఇవి నేరేడుచర్లలో, హుజూర్‌నగర్‌లో, కోదాడలో ఓటేసే ప్రతివాడూ అడగాల్సినవి. మనం అడిగితే మన దాకా జవాబు రాదు. ఇంట్లో కూర్చున్న మనిషి, చేయి చాస్తే అందే దూరంలో ఉన్న మనిషి మన తరఫున కూడా అడిగింది. ఆమె కూతురు కాబట్టి అడగ్గలిగింది, ఆమె కూతురు కాబట్టే అది ఇంటి గొడవ అయిపోయింది. జవాబు ఆమెకు రాలేదంటే మనకూ రాలేదు. పెద్దాయనతో ఆ రోజు ఇదే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితె పొత్తుంటదా, ఉండదా?” అని నన్నే అడిగాడు. నన్నడిగితే ఏం లాభం, అడగాల్సినాయన ఎర్రవల్లి ఫాంహౌస్‌లో ఉన్నాడన్నాను.